సూర్యలంక బీచ్‌కి వెళ్తున్నారా? ఆ తీరం వెనుక 2 వేల ఏళ్ల చరిత్ర.. టూరిజం డబ్బు అక్కడే నిలవాలంటే ఏం కావాలి?

వీకెండ్ వచ్చిందంటే చాలు.. తెనాలి స్టేషన్‌లో బాపట్ల వైపు వెళ్లే రైళ్లు కిటకిటలాడతాయి. గుంటూరు, విజయవాడ నుంచి కార్లు క్యూ కడతాయి. అందరి టార్గెట్ ఒక్కటే.. సూర్యలంక. బాపట్ల టౌన్‌కి దాదాపు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ బీచ్‌లో సాయంత్రం దాకా ఆడుకుని, నాలుగు సెల్ఫీలు దిగి, చీకటి పడేలోపు ఇంటిదారి పడతారు. చాలామందికి బాపట్ల అంటే అంతే.

కానీ ఈ తీరం కథ అంత చిన్నది కాదు. ఒకప్పుడు చైనా, అరేబియా సరుకు తిరిగిన సముద్రం ఇది. కాకతీయ చక్రవర్తి ప్రత్యేకంగా ఒక శాసనం వేయించింది ఇక్కడి రేవు కోసమే. బ్రిటిష్ వాళ్లు మద్రాసు ముఖం చూడకముందే దిగింది ఈ ఒడ్డునే. మరి ఇంత చరిత్ర ఉన్నా వచ్చినవాళ్లు ఒక్క రాత్రి కూడా ఎందుకు ఉండట్లేదు? ఇక్కడ టూరిజం డబ్బు ఎలా తిరుగుతోంది? కార్తీక మాసం వస్తే అధికారులకు ఎందుకంత టెన్షన్? ఒక్కొక్కటిగా చూద్దాం.

భట్టిప్రోలు నుంచి మొదలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. ఈ బ్రాంచ్ లైన్ 1916 నాటిది. రోజూ ఆ స్టేషన్ మీదుగా వెళ్లే చాలామందికి పక్కనే ఏముందో తెలియదు. అక్కడ క్రీస్తుపూర్వం నాటి బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో రాతి ధాతు పేటికలు బయటపడ్డాయి. వాటి మీద ప్రాకృత భాషలో రాతలు ఉన్నాయి. కుబేరకుడు అనే రాజు పేరు ఆ రాతల్లోనే కనిపిస్తుంది. బ్రాహ్మి లిపికి కాస్త తేడాగా ఉన్న ఆ అక్షరాలకు 'భట్టిప్రోలు లిపి' అనే పేరే స్థిరపడిపోయింది. దక్షిణ భారతంలో దొరికిన అతి పాత రాతల్లో ఇవీ ఉన్నాయి.

ఇక్కడే ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. తవ్వకాలు జరగకముందే ఆ స్తూపాన్ని చాలావరకు పాడుచేశారు. ఇటుకలు రోడ్డు పనులకు పోయాయి. పాలరాతి పలకలు కాలువ తూము కట్టడానికి వాడేశారు. అంటే ఇప్పుడు మనం చూస్తున్నది మిగిలిన భాగమే. చరిత్ర విలువ తెలియకపోతే అది రోడ్డు కంకరగా మారిపోతుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

భావపురి.. బాపట్ల ఎలా అయింది?

బాపట్ల పేరు వెనుక భావనారాయణ స్వామి గుడి ఉంది. భావపురి అనే మాటే వాడుకలో బాపట్ల అయిందని చెబుతారు. పంచ భావనారాయణ క్షేత్రాల్లో ఇదొకటి. పక్కనే ఉన్న పొన్నూరు, కాకినాడ దగ్గరి సర్పవరం కూడా ఆ ఐదింటిలోవే. బాపట్ల గుడిలో వెలనాటి చోళుల కాలం నాటి శాసనాలు ఉన్నాయి. ఎవరెవరు ఏ దీపానికి ఎంత దానం ఇచ్చారు, ఏ భూమి రాసిచ్చారు లాంటి వివరాలు ఇలాంటి రాళ్ల మీదే దొరుకుతాయి. ఒకరకంగా అప్పటి ఊరి లెక్కల పుస్తకాలు ఇవే.

2011లో ఈ గుడి గాలిగోపురం కూలిపోయింది. శతాబ్దాల పాటు తుపాన్లకు, ఉప్పు గాలికి నిలబడిన కట్టడం అలా నేలకూలడంతో టౌన్ మొత్తం కదిలిపోయింది. సముద్రం పక్కన ఉన్న పాత కట్టడాలను ఎప్పటికప్పుడు చూసుకోకపోతే ఏమవుతుందో ఆ రోజు అందరికీ అర్థమైంది.

ఆధునిక చరిత్రలోనూ బాపట్లకు ఒక పేజీ ఉంది. 1913 మే 26న మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఇక్కడే. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించారు. తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట ఆ సభలో చర్చకు వచ్చింది. అది నిజం కావడానికి 1953 దాకా.. అంటే 40 ఏళ్లు పట్టింది.

మోటుపల్లి: తుపానులో చిక్కిన ఓడకు రాజు ఇచ్చిన మాట

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి అనే ఊరుంది. ఇప్పుడు చూస్తే మామూలు పల్లెటూరు. కానీ 13వ శతాబ్దంలో కాకతీయ రాజ్యానికి ఇది మెయిన్ పోర్టు. ఇక్కడి వీరభద్రస్వామి గుడిలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. 1244-45 నాటి ఈ శాసనాన్నే 'అభయ శాసనం' అంటారు.

ఇందులో ఏముందంటే.. అప్పట్లో సముద్రంలో తుపాను వచ్చి ఏదైనా ఓడ దెబ్బతిని ఈ ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ స్థానిక రాజులు లాక్కునేవారు. పాపం ఆ వ్యాపారి అప్పటికే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒడ్డుకు చేరేవాడు. చేరాక సరుకు కూడా పోయేది. గణపతిదేవుడు ఆ పద్ధతి ఆపేశాడు. ప్రాణం కంటే ధనం మీద ఆశతో సముద్రం మీదికి వచ్చే వర్తకులకు కీర్తి కోసం, పుణ్యం కోసం తాము అభయం ఇస్తున్నామని చెప్పాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద రాయించాడు. ఎగుమతి, దిగుమతి సరుకుపై ఆ సుంకం 30 వంతుల్లో ఒక వంతు.

గంధపు చెక్క, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టుదారం, మిరియాలు, పోకచెక్కలు.. ఏ సరుకుకు ఎంత కట్టాలో రేట్ల లిస్ట్ కూడా ఆ రాతి మీదే ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు. మధ్యలో ఎవడూ ఎక్కువ గుంజడానికి వీల్లేదు. ఈ రోజు భాషలో చెప్పాలంటే టారిఫ్ బోర్డు అన్నమాట.

ఇది దయ మాత్రమే కాదు, మంచి వ్యాపార సూత్రం కూడా. బయటినుంచి వచ్చేవాడికి 'అక్కడికి వెళ్తే నన్ను దోచుకోరు' అన్న నమ్మకం కలిగితేనే ఓడలు వస్తాయి. ఓడలు వస్తేనే రేవు బతుకుతుంది.

ఫలితం ఏంటో ఇటలీ యాత్రికుడు మార్కోపోలో రాతల్లో కనిపిస్తుంది. 13వ శతాబ్దం చివర్లో ఆయన 'ముత్ఫిలి' అని రాసింది మోటుపల్లి గురించేనని చరిత్రకారులు చెబుతారు. అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడు దారాల్లాంటి సన్నని బట్ట నేస్తారని, ఏ రాజైనా రాణి అయినా కట్టుకోవాలని ముచ్చటపడేలా ఉంటుందని రాశాడు. ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణిని కూడా మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం.

కాకతీయుల తర్వాత వచ్చిన రెడ్డిరాజులు కూడా ఈ రేవును వదల్లేదు. 1358లో అనవోతారెడ్డి ఇక్కడికి వచ్చే వర్తకులకు రాయితీలు ఇస్తూ మరో శాసనం వేయించాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో వ్యాపారం మెల్లగా మచిలీపట్నం వైపు మళ్లింది. మోటుపల్లి రేవు చరిత్రలో కలిసిపోయింది.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం. రేవు పోయినా మగ్గం పోలేదు. మోటుపల్లికి దగ్గర్లోనే ఉన్న చీరాల, వేటపాలెం ఇప్పటికీ చేనేతకు పెట్టింది పేరు. చీరాల తేలియా రుమాళ్లు ఒకప్పుడు సముద్రం దాటి అరబ్ దేశాలకు వెళ్లేవి. ఇప్పుడు కుప్పడం చీరలకు డిమాండ్ ఉంది.

నిజాంపట్నం: మద్రాసు కంటే ముందే ఇంగ్లీషు వాళ్లు దిగిన ఊరు

రేపల్లె వైపు వెళ్తే నిజాంపట్నం వస్తుంది. ఇప్పుడు ఇది ఫిషింగ్ హార్బర్. పాత యూరప్ రికార్డుల్లో దీని పేరు 'పెటపోలి'. అంటే మన పెద్దపల్లి. 1606లో డచ్ వాళ్లు ఇక్కడ వ్యాపార కేంద్రం పెట్టారు. 1611లో ఇంగ్లీష్ ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' ఇక్కడికి వచ్చింది. భారతదేశ తూర్పు తీరంలో ఇంగ్లీషు వాళ్లు వ్యాపారం మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. వాళ్లకు మద్రాసులో స్థలం దొరికింది 1639లో. అంటే 28 ఏళ్ల ముందే నిజాంపట్నం వాళ్ల మ్యాప్‌లో ఉంది. వాళ్లు ఇంత దూరం వచ్చింది కూడా ప్రధానంగా బట్ట కోసమే.

ఇంత కథ ఉన్నా.. టూరిస్టుకు కనిపించేది ఇసుక, అలలే

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు బాపట్ల జిల్లా కేంద్రం అయింది. సూర్యలంక, వాడరేవు, రామాపురం, నిజాంపట్నం, మోటుపల్లి, భట్టిప్రోలు.. ఇవన్నీ ఒకే జిల్లాలోకి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నా, రైలు పరంగా ఈ తీరానికి గుమ్మం అదే. గుంటూరు, విజయవాడ, రేపల్లె, చెన్నై వైపు లైన్లు అక్కడే కలుస్తాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216 నంబర్ జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగానే పోతుంది. అంటే రావడం కష్టమేమీ కాదు.

అసలు సమస్య కూడా అదే. రావడం ఎంత ఈజీనో, వెళ్లిపోవడం కూడా అంతే ఈజీ. గుంటూరు, విజయవాడ నుంచి పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవచ్చు. టూరిజం లెక్కల్లో దీన్ని 'డే ట్రిప్' అంటారు. డే ట్రిప్ టూరిస్టు ఖర్చు ఎలా ఉంటుందో చూడండి. పెట్రోలు వాళ్ల ఊళ్లోనే కొట్టించుకుంటారు. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే డబ్బాల్లో వస్తాయి. ఇక్కడ ఖర్చయ్యేది ఆటోకి, పార్కింగ్‌కి, టీకి, మొక్కజొన్న పొత్తుకి, మహా అయితే చేపల వేపుడుకి.

అదే కుటుంబం ఒక్క రాత్రి ఆగితే? గది అద్దె, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్, మర్నాడు ఇంకో చోటుకి ఆటో లేదా కారు.. ఇన్ని చేతుల్లో డబ్బు పడుతుంది. గదులు ఊడ్చేవాళ్లకు, బట్టలు ఉతికేవాళ్లకు, కూరగాయలు అమ్మేవాళ్లకు, చేపలు పట్టేవాళ్లకు అందరికీ వాటా వస్తుంది. అందుకే టూరిజంలో 'ఎంతమంది వచ్చారు' అన్నదానికంటే 'ఎన్ని రాత్రులు ఉన్నారు' అన్న లెక్కే ముఖ్యం.

మరి రెండో రోజు ఎందుకు ఉండాలి? సముద్రం ఒక పూటలో చూసేస్తారు. రెండో రోజుకు కథ కావాలి. ఆ కథ మోటుపల్లిలో, భట్టిప్రోలులో, భావనారాయణ గుడిలో ఉంది. 1918లో మొదలై, 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవనానికి శంకుస్థాపన జరిగిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఉంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో జనం ఊరే ఖాళీ చేసి వెళ్లిన చీరాల-పేరాల ఉద్యమంలో ఉంది. చీరాల మగ్గాల దగ్గర ఉంది. సరైన బోర్డు, చెప్పే గైడు, తిప్పే బస్సు ఉంటే ఇదంతా రెండు రోజుల టూర్.

బ్లూ ఫ్లాగ్ అంటే ఏంటి? కట్టడాలకు రూల్స్ ఏంటి?

సూర్యలంకను అభివృద్ధి చేయాలన్న ప్రయత్నాలు కొత్తేమీ కాదు. పర్యాటక శాఖ రిసార్టు ఎప్పటి నుంచో ఉంది. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద కూడా ఈ బీచ్‌ని చేర్చారు. బ్లూ ఫ్లాగ్ మాట కూడా తరచూ వినిపిస్తోంది.

బ్లూ ఫ్లాగ్ అనేది అంతర్జాతీయ గుర్తింపు. నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, పర్యావరణంపై అవగాహన, భద్రత-సౌకర్యాలు.. ఈ నాలుగు విభాగాల్లో 33 ప్రమాణాలు పాటించాలి. మన రాష్ట్రంలో 2020లో విశాఖ రుషికొండకు ఈ గుర్తింపు వచ్చింది. ఒకసారి వస్తే శాశ్వతం అనుకోవద్దు. నిర్వహణ తగ్గితే జెండా దించేస్తారు.

ఇక తీరంలో ఎక్కడపడితే అక్కడ కట్టేస్తామంటే కుదరదు. 2019 తీర ప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ ప్రకారం, గ్రామీణ ప్రాంతాల్లో జనసాంద్రత ఎక్కువగా ఉన్నచోట పోటు రేఖ నుంచి 50 మీటర్లు, తక్కువగా ఉన్నచోట 200 మీటర్ల దాకా నిర్మాణాలు నిషేధం. షాక్స్, టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదుల్లాంటి తాత్కాలిక ఏర్పాట్లకు మాత్రం షరతులతో అనుమతి ఉంటుంది. ఇది పర్యాటకానికి అడ్డంకి కాదు. తుపాను వచ్చినప్పుడు మొదట దెబ్బ తగిలేది ఆ గీత లోపల ఉన్నవాళ్లకే.

పైగా ఈ ఒడ్డు మనుషులది మాత్రమే కాదు. చలికాలం నుంచి వేసవి మొదలయ్యే దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో జీపులు తిప్పినా, రాత్రంతా ఫ్లడ్‌లైట్లు వెలిగించినా వాటికి నష్టమే.

కార్తీక మాసం.. జనం సీజనూ అదే, తుపాను సీజనూ అదే

సూర్యలంకకు జనం పోటెత్తేది కార్తీక మాసంలో. పౌర్ణమి రోజు సముద్ర స్నానాలు, ఆదివారాల్లో వన భోజనాలు. చిరు వ్యాపారులు ఏడాదంతా ఎదురుచూసేది ఈ నెల కోసమే.

ఇప్పుడు ఈ తేదీలు చూడండి. దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అది కార్తీక మాసమే. ఆ తుపానులో మృతుల సంఖ్య పదివేల దాకా వెళ్లింది. కృష్ణా డెల్టాతో పాటు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల ప్రాంతాలూ దెబ్బతిన్నాయి. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అది కూడా కార్తీక మాసంలోనే. బంగాళాఖాతంలో తీవ్ర తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు-డిసెంబరు మధ్య. అంటే ఇక్కడి టూరిజానికి బెస్ట్ సీజన్, రిస్క్ సీజన్ రెండూ ఒకటే.

తుపాను లేని రోజు కూడా సముద్రం ఆటబొమ్మ కాదు. సూర్యలంక, వాడరేవు, రామాపురం బీచ్‌లలో యువకులు గల్లంతైన వార్తలు చాలాసార్లు చూశాం. కాలేజీ పిల్లలు, అన్నదమ్ములు, ఒకే ఊరి స్నేహితులు. చాలా సందర్భాల్లో కారణం 'రిప్ కరెంట్'. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఇసుక దిబ్బల మధ్య సందు చూసుకుని వేగంగా లోపలికి వెళ్లిపోతుంది. పైనుంచి చూస్తే అక్కడ అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. 'ఇక్కడ బాగుంది' అని దిగేది సరిగ్గా అక్కడే.

మత్స్యకారుల సంగతేంటి?

తీరం అసలు యజమానులు మత్స్యకారులే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ రూల్. రాష్ట్ర ప్రభుత్వం 2025లో వేట నిషేధ భృతిని 20 వేల రూపాయలకు పెంచింది.

గమనిస్తే ఈ 61 రోజులు సరిగ్గా పిల్లల వేసవి సెలవుల్లో పడతాయి. బీచ్‌కి జనం వచ్చే టైమ్‌కి సముద్రం గురించి బాగా తెలిసినవాళ్లు ఒడ్డున ఖాళీగా ఉంటారు. ఏ రోజు నీరు ఎలా ఉందో, ఎక్కడ లోతుందో, ఎక్కడ లాగుతుందో వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. గజ ఈతగాళ్లుగా, లైఫ్‌గార్డులుగా వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చి, జీతం ఇచ్చి పెట్టుకుంటే రెండు సమస్యలకు ఒకే సమాధానం. ప్రమాదం జరిగాక వెతకడానికి మత్స్యకారులను పిలిచే బదులు, జరగకముందే నిలబెడితే ప్రాణాలు దక్కుతాయి. వాళ్ల ఇళ్లకూ టూరిజం డబ్బు చేరుతుంది.

వెళ్లేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి

* ఎర్రజెండా ఉన్నచోట, అలలు లేకుండా ప్రశాంతంగా కనిపించే సందుల్లో దిగొద్దు. మోకాళ్ల లోతు దాటొద్దు.

* నీరు లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదుతూ ఆ ప్రవాహం నుంచి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

* ఎవరైనా మునుగుతుంటే చేతులు పట్టుకుని గొలుసులా లోపలికి వెళ్లొద్దు. తాడు, ఖాళీ నీళ్ల క్యాన్, టైర్ ట్యూబ్.. ఏది దొరికితే అది విసరండి. 112కి ఫోన్ చేయండి.

* అక్టోబరు-డిసెంబరు మధ్య బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. బీచ్ మూసేశారంటే కారణం ఉంటుంది.

* సూర్యలంకలో వైమానిక దళ స్టేషన్ ఉంది. అక్కడ పెట్టిన ఆంక్షలు పాటించండి.

* వీలుంటే రెండో రోజు కేటాయించండి. భావనారాయణ గుడి, మోటుపల్లి, చీరాల, వేటపాలెం ఒక వైపు. భట్టిప్రోలు, రేపల్లె, నిజాంపట్నం ఇంకోవైపు.

చివరగా..

దాదాపు 780 ఏళ్ల కిందట ఇదే తీరంలో ఒక రాజు రాతి మీద రెండు విషయాలు రాయించాడు. తుపానులో చిక్కుకుని వచ్చినవాడికి ఇక్కడ భయం లేదు. కట్టాల్సింది ఇంతే, అంతకుమించి ఎవరూ అడగరు. ఇప్పుడు ఓడలు రావట్లేదు, కార్లు వస్తున్నాయి. కానీ వచ్చేవాళ్లు చూసేది మాత్రం అవే రెండు. పిల్లలతో వస్తే సేఫ్‌గా ఇంటికి వెళ్తామా? పార్కింగ్ దగ్గర, ఆటో దగ్గర, హోటల్ దగ్గర సరైన రేటే తీసుకుంటారా? ఈ రెండింటికీ 'అవును' అని చెప్పగలిగితే బాపట్లలో ఆగే రాత్రులు వాటంతట అవే పెరుగుతాయి. ఎలా చెప్పాలో మోటుపల్లి గుడిలో స్తంభం మీద ఇప్పటికే రాసి ఉంది.